నెట్ సెంటర్ల లాంగ్ నోట్‌బుక్కు

దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో దిగి ఏ గల్లీల తిరిగినా మూడు బోర్డులు కనవడ్తయి: కోచింగ్ సెంటర్, లేడీస్ హాస్టల్, నెట్ సెంటర్. మొదటి రెండిటి గురించి పేపర్లల్ల మస్తుగ రాస్తరు. మూడోదాన్ని ఎవ్వరు పట్టించుకోరు. నన్నడిగితె మన యూనివర్సిటీలకు అసలు హెల్ప్ డెస్క్ అదే.

ఒక ఎండకాలం మా చెల్లె బిడ్డ నకిరేకల్ నుంచి వచ్చింది. ఇంటర్ పాసైంది, డిగ్రీల చేరాలె. ఎల్.బి.నగర్‌ల బస్సు దిగంగనే ఫోన్ జేసింది. "మామయ్యా, దోస్త్‌ల రిజిస్టర్ చేద్దామంటె ఓటీపీ వస్తలేదు" అన్నది.

దోస్త్ అంటె తెలుసు గదా, డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్, తెలంగాణ. 2016ల మొదలైంది. అంతకుముందు కాలేజీ కాలేజీకి తిరుగుడు, ఒక్కోచోట ఒక్కో ఫారం కొనుడు, లైన్ల నిలవడుడు. ఇప్పుడు ఒక్క దరఖాస్తుతోటి ఉస్మానియా, కాకతీయ, మహాత్మా గాంధీ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల కిందున్న కాలేజీల్ల సీటు అడగొచ్చు. మొదటి విడతల 200 రూపాయలు, ఆ తర్వాతి విడతలల్ల 400. మంచి పనే, కాదనను.

కాని ఆ ఓటీపీ ఆధార్‌కు ముడివెట్టిన నంబర్‌కే వస్తది. మా బావ పిల్ల ఆధార్‌కు ఇచ్చిన నంబరేమో రీచార్జ్ లేక ఎన్నడో బందైంది. ఇగ ఓటీపీ ఎవరి జేబుల మోగుతుందో దేవునికెరుక!

పిల్లను వెంటవెట్టుకొని కొత్తపేట దిక్కు ఒక నెట్ సెంటర్‌కు పోయిన. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక లామినేషన్ మిషన్, గాలి రాని కూలర్, నలభై మంది పిల్లలు. మధ్యల ఇరవై ఐదేండ్ల పిలగాడు. ఒక చెయ్యి మౌస్ మీద, ఇంకో చేతుల ఎవరిదో ఫోను.

"ఓటీపీ రాకపోతె మొఖంతోని జేద్దాం అంకుల్" అన్నడు. ఫోన్ల సర్కారు యాప్ టీ యాప్ ఫోలియో తెరిచిండు. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేది, ఆధార్ నంబరు గొట్టిచ్చి పిల్లతోని సెల్ఫీ దిగిపిచ్చిండు. పనైపోయింది! ఈ దారి ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు. ఇంకో పిల్లగాని ఫొటో సైట్ల ఎక్కకపోతె కేబీలు తగ్గిచ్చి పెట్టిండు. ఇంకొకామెకు, సీటొచ్చినంక గడువు లోపల సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యకపోతె ఆ సీటు పోతదని రెండుసార్లు చెప్పిండు. ఇవన్నీ వెబ్‌సైట్ల రాసే ఉంటయి. చదివి సమజ్ చేసేటోడే లేడు.

అన్నీ అయినంక కౌంటర్ కింద నుంచి లాంగ్ నోట్‌బుక్కు తీసిండు. "ఐడీ, పిన్ను చెప్పమ్మా, రాసుకుంట."

నా గుండె గుభేలుమన్నది. చూస్తె పేజీల నిండ పేర్లు, ఫోన్ నంబర్లు, దోస్త్ ఐడీలు, ఆరంకెల పిన్నులు. "ఇవెందుకు తమ్మీ నీకు?" అన్న. "వీళ్లు మర్చిపోతరు అంకుల్. ఆఖరి రోజు రాత్రి పది గంటలకు ఫోన్ జేసి ఏడుస్తరు. అప్పుడు నేనే లాగిన్ అయి చూడాలె" అన్నడు. అబద్ధం కాదు. నా ముందటే ఇద్దరు పిలగాండ్లు వచ్చి వాళ్ల పిన్ను ఆ పుస్తకంలకెల్లే అడిగి తీసుకపోయిన్రు.

పిలగాడు మంచోడే. మరి పుస్తకం పోతె? ఆ ఐడీ, పిన్ను ఎవని చేతుల వడ్డా గడువు లోపల ఆప్షన్లు అటిటు చెయ్యొచ్చు. పిల్ల అడిగిన బీకామ్ ఒకచోట, వచ్చిన సీటు ఇంకోచోట అయితది.

మొన్న మల్ల జిరాక్స్‌కు పోయిన. అవే కంప్యూటర్లు, అదే విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తోని మామూలు సపోర్ట్ ఆపేసింది గదా, మార్చలేదా అన్న. "అప్‌డేట్ వెడితె మిషన్ అరగంట పండుకుంటది అంకుల్, గిరాకి పోతది" అని నవ్విండు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తె ఎవరెవరివో ఆధార్లు, ఇంటర్ మెమోలు కుప్పలు.

యూనివర్సిటోళ్లకు ఒక మాట. మీ హెల్ప్‌లైన్ సెంటర్లు ఉన్నయి, సంతోషం. కాని నల్లగొండ బస్సులల్ల వచ్చే పిల్లలు దిగేది ఎల్.బి.నగర్‌ల. అడ్మిషన్ల నెల ఒక్కటి అక్కడ ఒక బల్ల, ఇద్దరు మనుషులు, ఒక మంచి కంప్యూటర్ పెట్టుండ్రి. వెబ్‌సైట్‌కు రంగులు తర్వాత మార్చుకోవచ్చు.

ఇగ పిల్లలకు, తల్లిదండ్రులకు. ఆధార్‌ల నంబరు ఇంటర్ పరీక్షలకు ముందే సరిచూసుకోండ్రి. సర్టిఫికెట్లు 2015 నుంచి ఉన్న డిజిలాకర్‌ల పెట్టుకోండ్రి. హాస్టల్‌కు జిరాక్స్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి చూడుండ్రి. నెట్ సెంటర్‌ల పనైనంక లాగౌట్ కొట్టి, మీ ఫైళ్లు మీరే డిలీట్ చేసి లేవుండ్రి. ఆన్‌లైన్ మోసంల పైసలు పోతె వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టుండ్రి.

ఆ పిలగాడు ముప్పై రూపాయలు అడిగితె యాభై ఇయ్యుండ్రి, కష్టపడ్తడు. పిన్ను మాత్రం ఆ పుస్తకంల రాయించకుండ్రి.