ఎవరు పోయారు?

మా గుంటూరు పల్లెల్లో మైకులో ఘంటసాల భగవద్గీత వినబడగానే మిరపకోతలో ఉన్నవారు సైతం తలెత్తి "ఎవరు పోయారు?" అని అడుగుతారు. ఈ అలవాటు నాకేనాడూ నచ్చలేదు. ఆ ఆల్బం చావు కోసం చేసినది కాదు. వేలకొద్దీ సినిమా పాటలు పాడిన గాయకుడు, ఆరోగ్యం క్షీణిస్తున్న రోజుల్లో, 700 శ్లోకాల నుండి ఎంచిన కొన్నింటిని తెలుగు తాత్పర్యంతో హెచ్.ఎం.వి. కోసం పాడారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే కన్నుమూశారు. రికార్డు విడుదలైనది ఆ తరువాతే. బహుశా ఆ నీడే దానిపై పడిందేమో!

గీత పుట్టినదే చతికిలపడిన యోధుణ్ణి లేపి నిలబెట్టడానికి కదా. పత్తికి పురుగు పట్టి, అప్పుల్లో కూరుకున్న రైతు బ్రతికుండగా వినవలసినది అది. పాడె లేచాక కాదు.

మా ఇంట్లో ఆదివారం ఉదయాన్నే పెడతాను. పక్కింటి పెద్దమ్మగారు మొదట్లో కంగారుగా పరుగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు కాఫీ గ్లాసుతో వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు.