షుగరు వైద్యం ఆడవాళ్ల గడప దాకా రావాలి

మదనపల్లె అనగానే పాతతరం వారికి గుర్తొచ్చేది ఆరోగ్యవరం. 1915లో డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ నాయకత్వాన అక్కడ క్షయ ఆసుపత్రి మొదలైంది. పొడిగాలే క్షయకు మందు అనుకున్న కాలమది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఒక జబ్బుకు ప్రత్యేక కేంద్రం ఉంటే ఎంత మేలు జరుగుతుందో ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈనాడు ఇంటింటా వినబడుతున్న జబ్బు షుగరు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. పైగా షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. కనుక మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజలకు మధుమేహ వైద్యానికీ, పరిశోధనకూ ఒక ప్రత్యేక కేంద్రం కావాలనడం న్యాయమైన కోరికే.

అయితే ఎటువంటి కేంద్రం? క్షయ రోగి శానిటోరియంలో ఉన్నా, ఇంట్లోనే ఉండి మందులు వాడినా ఫలితం ఇంచుమించు ఒకటేనని 1959లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం పరిశోధన తేల్చింది. దానితో వైద్యం ఇంటికి నడిచింది. షుగరుకు ఈ పాఠం మరింత వర్తిస్తుంది. ఇది నెల రోజుల్లో నయమయ్యే జబ్బు కాదు. బతికినంత కాలం వంటింట్లో, పొలంలో, కూలి దగ్గర కాచుకోవలసిన జబ్బు.

ఆ ఇంట్లో ఆడమనిషి స్థానమేమిటి? భర్తకు షుగరు వస్తే ఆమె వేరే వంట వండుతుంది. ఆమెకే వస్తే మిగిలిన అన్నమే ఆమె పథ్యం. ఒకనాడు రాగి సంగటి తిన్న కుటుంబాలకు 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, కానీ చిరుధాన్యాలకు రేషను దుకాణంలో చాలాకాలం చోటు దొరకలేదు. టమాటా తోటల్లో చెప్పుల్లేకుండా పనిచేసే కూలీకి కాలి స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరాక ఆసుపత్రికి పోతే కాలు తీయమంటారు. గర్భిణిగా ఉన్నప్పుడు షుగరు వచ్చిన స్త్రీకి తర్వాత అది స్థిరపడే ముప్పు చాలా ఎక్కువ. అయినా కాన్పు కాగానే ఆమెను మళ్లీ పరీక్షించాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. చిన్నతనంలోనే ఇన్సులిన్ మీద ఆధారపడిన ఆడపిల్లకు పెళ్లి కాదేమోనన్న భయంతో జబ్బునే దాచిపెడతారు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం మదనపల్లెతో సహా పది కొత్త వైద్య కళాశాలలకు ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిని ఆమోదించింది. ఎవరి చేతిలో నడిచినా, పేద స్త్రీకి షుగరు వైద్యం ఉచితంగా అందాలన్నది షరతు కావాలి.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు, ఇన్సులిన్ నాగా లేకుండా ఇవ్వాలి. కళ్లు, కాళ్లు, మూత్రపిండాల పరీక్షలు ఏటా ఊళ్లోనే జరపాలి. కాన్పు తర్వాత ఆరు వారాలకు తప్పక పరీక్ష చేయాలి. ఈ పని మోసే ఆశా కార్యకర్తలకు తగిన వేతనం ఇవ్వాలి. పరిశోధన కూలి స్త్రీల తిండిని, పనిని, కాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1921లో ఇన్సులిన్‌ను కనుగొన్న శాస్త్రవేత్తలు దాని హక్కులను టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. అది అందరిదీ కావాలన్నదే వారి ఆశయం. వందేళ్లు గడిచినా మన పడమటి మండలాల ఆడవాళ్ల దాకా అది అందకపోతే లోపం మందుది కాదు. దానిని ప్రశ్నించవలసింది మహిళా సంఘాలే.