ముందు మూడు రంధ్రాలు, లోపల రెండే తీగలు

పినపాక: వెయ్యి మెగావాట్లకు పైబడి విద్యుత్తు పుట్టే ప్రాంతంలో నూరు, నూటయాభై రూపాయల ప్లాస్టిక్ పెట్టె మీద సంసారాలు నడుస్తున్నాయి. మణుగూరు, పినపాక మండలాల నడుమ నిర్మించిన భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,080 మెగావాట్లు. నాలుగు యూనిట్లలో మొదటిది 2020లో, చివరిది 2022 జనవరిలో ఉత్పత్తికి వచ్చాయి. అయితే చుట్టుపక్కల పల్లెల్లో అనేక ఇళ్లకు మీటరు బిగించి, రెండు బల్బులు, ఒక ప్లగ్గు పెట్టడంతోనే వైరింగు ముగిసింది. ఆ ఒక్క ప్లగ్గుకే జంక్షన్ బాక్సు తగిలించి టి.వి., కూలరు, మిక్సీ, సెల్‌ఫోను ఛార్జర్లు అన్నీ నడిపిస్తున్నారు.

గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేకపోవడంతో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచే ఇళ్లలోకి సైతం హీటరు వస్తున్నది. ఇది మంచిదే. వచ్చిన చిక్కల్లా ఆ హీటరు గుచ్చే చోటుతోనే.

వారపు సంతల్లో, రోడ్డు పక్క దుకాణాల్లో దొరికే చౌక బాక్సును విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన ప్రతి ప్లగ్గుకూ మూడేసి రంధ్రాలు ఉంటాయి. కానీ బాక్సు నుంచి వచ్చే వైరు చివర రెండే పిన్నులు! మూడవ రంధ్రం ఎర్తు కోసం ఉద్దేశించినది. లోపల దానికి తీగే ఉండదు. ఇస్త్రీ పెట్టెలోనో ఇనుప రేకు కూలరులోనో తీగ ఊడి రేకుకు తగిలితే, ఎర్తు ఉన్నచోట కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేనిచోట రేకులోనే నిలిచి తడి చెయ్యి తగిలేదాకా కాచుకుని ఉంటుంది. ఎండాకాలం రాత్రి కూలరులో నీళ్లు పోసేది సాధారణంగా ఆడవాళ్లు, పిల్లలే. అదీ మట్టి నేల మీద, ఒట్టి కాళ్లతో.

మరొక లోపం కంటికి కనపడదు. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి అయినా గుచ్చవచ్చును. ఒక విధంగా గుచ్చితే బాక్సు మీది స్విచ్చి ఫేజును ఆపుతుంది. తిరగేసి గుచ్చితే న్యూట్రల్‌ను మాత్రమే ఆపుతుంది. అప్పుడు స్విచ్చి ఆపినా, ఎర్రదీపం ఆరినా రంధ్రంలో కరెంటు ఉండనే ఉంటుంది. స్విచ్చి ఆపాను కదా అని వేలు పెట్టిన వానికి నమ్మకమే ముప్పు అవుతుంది.

ఇక లెక్క చూద్దాం. చిన్న పిన్నుల ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230 వోల్టుల వద్ద అది మోయగలిగింది 1,380 వాట్లు. నీళ్లు కాచే హీటరు ఒక్కటే 1,500 వాట్లు లాగుతుంది. 700 వాట్ల రైస్ కుక్కరు, 750 వాట్ల ఇస్త్రీ పెట్టె కలిసినా హద్దు దాటినట్లే. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి సంగతి చెప్పనక్కరలేదు. సరుకు మంచిదైతే 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఏడు ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది. చౌక బాక్సులో ఉండేది అంతకన్నా సన్నం. పైగా చాలావాటిలో అది రాగి పూత పూసిన అల్యూమినియమే. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలవుతుంది.

తీగ కాలితే ఫ్యూజు పోతుంది కదా అనుకోవడం పొరపాటు. ఇంటి ఫ్యూజులో లావు తీగ చుట్టడం ఇక్కడ మామూలే. ఫ్యూజు బదులు 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్నా, ఎనిమిది తొమ్మిది ఆంపియర్లకు అది పడిపోదు. ఆ లోపునే బాక్సు తీగ మీది ప్లాస్టిక్ కరగడం మొదలవుతుంది. తాటాకు పైకప్పు, వెదురు తడికల ఇంట్లో బాక్సును తడికకే మేకు కొట్టి వేలాడదీస్తారు. అక్కడ నిప్పురవ్వ పడితే ఏమవుతుందో వేరే వ్రాయనక్కరలేదు.

కొనేవాడు దుకాణంలోనే కొంత కనిపెట్టవచ్చును. ముందు చూడవలసింది వైరు చివర. మూడు పిన్నులు లేని బాక్సును అక్కడే వదిలి రావడం మేలు. ప్లగ్గుల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ఐ.ఎస్. 1293 అనే అంకె, కింద సి.ఎం./ఎల్. అక్షరాలతో లైసెన్సు నంబరు ఉండాలి. వైరు మీద ఐ.ఎస్. 694 అనీ, తీగ మందం ఎంతో అచ్చయి ఉండాలి. ఒట్టి గుర్తు అచ్చు వేయడం ఎవరికైనా చేతనవును గనుక ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో, ఏ కంపెనీ పేరున ఉందో వెంటనే వస్తుంది. అట్ట మీద ఐ.ఎస్.ఓ. 9001 అనో, సి.ఇ. అనో పెద్ద అక్షరాలతో ఉన్నంత మాత్రాన అది ఐ.ఎస్.ఐ. కాదు. రంధ్రాల్లోని రేకు ఇత్తడిదై ఉండాలి. పాత స్పీకరులోని అయస్కాంతం పెడితే ఇత్తడి అంటుకోదు, ఇనుము అంటుకుంటుంది. ఈ పరీక్ష బాక్సును కరెంటు నుంచి పూర్తిగా పీకి, విప్పిన తర్వాతనే చేయాలి.

ఇంట్లో ఉన్న బాక్సుకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. అరగంట వాడి, ప్లగ్గును ఊడదీసి దాని పిన్నులకు దగ్గరగా చెయ్యి ఆనించాలి. చురుక్కుమంటే ఆ బాక్సు పనికిరాదు. ప్లగ్గు వదులుగా ఆడుతున్నా, రంధ్రం చుట్టూ పసుపు, నలుపు రంగు తిరిగినా అంతే. ఫోను ఛార్జరు, టి.వి. వరకైతే మంచి బాక్సుతో ఇబ్బంది లేదు. హీటరు, ఇండక్షన్ పొయ్యి మాత్రం ఏ బాక్సుకూ తగిలించరాదు. వాటికి గోడకు వేరే 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. ఊరి ఎలక్ట్రీషియన్ ఐ.ఎస్.ఐ. ప్లగ్గులు, స్విచ్చి, మూడు తీగల వైరు తెచ్చి పి.వి.సి. పెట్టెలో బిగించి ఇస్తే ఖర్చు మూడింతలు కావచ్చు గాని, సంత సరుకుకన్నా అదే నయం. మీటరు వద్ద ఎర్తు గుంతే లేకపోతే మూడు తీగల బాక్సూ నిష్ప్రయోజనమే. గుంత ఉన్నవారు కూడా వేసవిలో దానికి నీళ్లు పోయడం మరుస్తున్నారు.

మీటరు దాకా బాధ్యత ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది. మీటరు దాటిన తర్వాత బాధ్యత ఇంటి యజమానిదే. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో విద్యుదాఘాతంతో మరణించినవారు 12 వేల పైచిలుకు. అయినా మీటరుకు ఇవతలి సరుకును ఈ మూల తనిఖీ చేసే చెయ్యి కనపడదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఇచ్చే బి.ఐ.ఎస్. కార్యాలయం ఉన్నది హైదరాబాదులో. అయితే అంత దూరం పోనక్కరలేదు. ప్యాకెట్టు సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సంత బాక్సుల్లో ఎన్నో వాటి మీద ఊరూ పేరూ లేదు. ఈ ఒక్క కారణంతోనే తూనికలు కొలతల శాఖవారు కేసు వ్రాయవచ్చును. సంతలో ఆశీలు వసూలు చేసే పంచాయతీలు కూడా పేరు లేని కరెంటు సామాను అమ్మరాదని షరతు పెట్టవచ్చును. నష్టపోయినవారు 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. అందుకు ముఖ్యంగా కావలసింది రసీదు. సంతలో అది అడిగేవారూ లేరు, ఇచ్చేవారూ లేరు.