నీటిరంగుల తొలిపాఠము

నీటిరంగులతో బొమ్మలు వేయగోరు బాలబాలికలు మొదట పెద్ద రంగులపెట్టె కొనిపెట్టుమని తల్లిదండ్రులను వేధింతురు. అది అనవసరమని నా అభిప్రాయము. లేపాక్షి వీరభద్రాలయమున మండపపు కప్పును తలయెత్తి చూడుడు. 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ కోవెలలో పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము మొదలగు చిత్రములు కలవు. వానిలో రంగులు కొలదియే. చీరల అంచులను, పొడవైన కుళ్ళాయిలను, విశాలమైన కన్నులను నిలబెట్టినది స్థిరమైన నల్లని గీత. మెడ నొప్పిపుట్టు వరకు చూచినను తనివి తీరదు.

కావున పెన్సిలుతో గీత అలవడిన పిదప ఎఱుపు, పసుపు, నీలము అను మూడు రంగుబిళ్ళలు, ఒక కుంచె చాలును. అయితే కప్పుమీది చిత్రమునకును దీనికిని ఒక భేదము కలదు. అచ్చట తెలుపును పూసిరి. ఇచ్చట కాగితమే తెలుపు. దానిని పూయక విడిచిపెట్టుట నేర్వవలయును. పలుచని పూత ముందు, చిక్కనిది తరువాత. మొదటిది ఆరకమునుపే రెండవది పూసినచో రంగులు కలిసి బురదయగును. ఈ ఓర్పు కష్టమే. బహుమతికై వేయువారికి మఱింత కష్టము.

మార్కులు రాని పని యని కొందఱు పెద్దలు దీనిని వారింతురు. వారితో నేను ఏకీభవింపను. సెలవునాడు ఒక చింతకొమ్మను ముందుంచుకొని, నీలమును పసుపును కలుపుచు, ఆ యాకులలో ఎన్ని పచ్చలు కలవో వేసి చూడుడు.