సముద్రానికి వెనక తలుపు ఉండదు

2024 జూన్ 29 రాత్రి మీరు ఎక్కడున్నారో గుర్తుందా? బౌండరీ లైన్ దగ్గర సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టాడు, ఏడు పరుగుల తేడాతో టీ20 వరల్డ్ కప్ మనదైంది. ఆ గ్రౌండ్ పేరు కెన్సింగ్టన్ ఓవల్. ఉన్నది కరీబియన్ దీవి బార్బడోస్‌లో, రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో. మా వ్యాన్ బయల్దేరింది ఆ స్టేడియం ముందు నుంచే.

మా తమ్ముడు అక్కడ మెడిసిన్ చదువుతున్నాడు. పరీక్షలు అయిపోయాయి. వాడి బ్యాచ్ ఆరుగురు, చూడ్డానికి వెళ్లిన నేను... ఒక్క రోజులో తీరమంతా చుట్టేద్దామని ప్లాన్. దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. గ్రేటర్ హైదరాబాద్ కంటే చిన్నది. ‘ఇంతేనా, మధ్యాహ్నానికల్లా అయిపోద్ది’ అనుకున్నాం. డ్రైవర్ అరవై దాటిన పెద్దాయన. మేం అంకుల్ అంటే ఆయనా నవ్వి పలికేశాడు.

మొదట పడమటి తీరం. ఫోన్ వాల్‌పేపర్‌లో కనిపించే సముద్రం అదే. తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీలం నీళ్లు, అలలే లేవు. ఈ దేశంలో బీచ్‌లన్నీ ప్రజలవే కాబట్టి, పక్కన ఎంత ఖరీదైన హోటల్ ఉన్నా మనల్ని వెళ్లిపొమ్మనేవాళ్లు ఉండరు. ఓ గంట ఈతలు కొట్టాం. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. పక్కనే ఉన్న చెట్టు కిందకి పరిగెత్తాం. అంతే, అంకుల్ గట్టిగా అరిచాడు.

చూస్తే చెట్టు మొదలు చుట్టూ ఎర్ర పట్టీ. అది మాంచినీల్ చెట్టు. చిన్న పచ్చ యాపిల్‌లాంటి కాయలు కాస్తుంది. కాయ తింటే ప్రాణం మీదకొస్తుంది. దాని పాలు కలిసిన వాన నీళ్లు ఒంటి మీద పడినా బొబ్బలే. ఆ ఎర్ర రంగు ‘దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికే. మావాళ్లు దానికీ ఓ రీల్ తీసి నవ్వుకున్నారు.

ఉత్తరం కొసన యానిమల్ ఫ్లవర్ కేవ్ అనే గుహ ఉంది. మెట్లు దిగి లోపలికెళ్తే, రాతి కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. రాళ్ల మధ్య నీటి గుంటల్లో పువ్వుల్లా విచ్చుకునే సీ అనెమొన్లు ఉంటాయి. గుహకి ఆ పేరు వాటివల్లే. సముద్రం బాగా పొంగిన రోజు లోపలికి పంపరు.

అక్కణ్నుంచి తూర్పు తీరంలోని బత్‌షీబాకి వచ్చాం. వ్యాన్ దిగగానే ఎవరూ మాట్లాడలేదు. అదే దీవి, కానీ సముద్రం వేరు! కరీబియన్ దీవులన్నిటికీ తూర్పున ఉన్నది బార్బడోసే. ఇక్కణ్నుంచి ఆఫ్రికా దాకా వేల కిలోమీటర్లు నీళ్లే. అంత దూరం గాలి తోసుకొచ్చిన అట్లాంటిక్ అలలు నేరుగా ఈ ఒడ్డునే కొడతాయి. ఇంటి సైజు బండరాళ్లు అడుగున అరిగిపోయి పుట్టగొడుగుల్లా నిలబడ్డాయి. సర్ఫింగ్ చేసేవాళ్లకి ఇది స్వర్గం. ఈతకి మాత్రం కాదు.

ఆ మాట అంకుల్ చెబుతుండగానే మా రాజమండ్రి కుర్రాడు మోకాళ్లలోతు దిగిపోయాడు. “గోదార్లో ఈదినోణ్ణి బ్రో, నాకేం కాదు!”

అల వచ్చినప్పుడు ఏం కాలేదు. వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుక లాగేసింది. కూలబడ్డాడు. లేచేలోపు రెండో అల. నేను నోరు తెరిచేసరికే అంకుల్ నీళ్లలో ఉన్నాడు. వాడి చెయ్యి పట్టి, మా తమ్ముడి సాయంతో ఒడ్డుకి ఈడ్చాడు. ఫోన్ పోయింది. మనిషి దక్కాడు.

అంకుల్ తిట్టలేదు. వాళ్ల ఊరి సామెత ఒకటి చెప్పాడంతే. సముద్రానికి వెనక తలుపు ఉండదట. లోపలికెళ్లి ఇరుక్కుంటే బయటికి ఇంకో దారి లేదని.

తర్వాత మమ్మల్ని నిలబెట్టి నీళ్లు చూపించాడు. రెండువైపులా అలలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం నిమ్మళంగా ఉంది. “ఎక్కడ దిగుతారు?” అన్నాడు. అందరం ఆ నిమ్మళంగా ఉన్నచోటే చూపించాం. తప్పు! ఒడ్డుకి చేరిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పరిగెత్తే దారి అదే. రిప్ కరెంట్ అంటారు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒంట్లో సత్తువ అయిపోయి మునిగేది అలాగే. ముందు తేలుతూ ఉండాలి, చెయ్యి ఊపి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకి రావాలి.

ఇది బార్బడోస్ ముచ్చటే కాదు. మన సూర్యలంకలో, ఆర్కే బీచ్‌లో సెలవురోజున బ్యాచ్‌గా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఒకరు తగ్గిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

చివరికి అంకులే మమ్మల్ని రాళ్ల మధ్య గుంట దగ్గరికి తీసుకెళ్లాడు. ఆటు సమయంలో అక్కడివాళ్లు స్నానం చేసేది అందులోనే. ఎదురుగా అట్లాంటిక్ గర్జిస్తుంటే, మేం నడుంలోతు నీళ్లలో బుద్ధిగా కూర్చున్నాం.

శుక్రవారం కదా, రాత్రికి ఆయిస్టిన్స్‌లో చేపల సందడి. వేయించిన ఫ్లయింగ్ ఫిష్, పసుపుపచ్చ మిరపకాయ సాస్. కారం మనవాళ్లక్కూడా కళ్లనీళ్లు తెప్పించింది. మావాడు నా ఫోన్ తీసుకుని ఇంటికి వీడియో కాల్ చేశాడు. అక్కడ తెల్లవారుజాము ఐదు. వాళ్లమ్మ మొదటి ప్రశ్న: “సముద్రంలోకి దిగలేదు కదరా?”

వాడు అంకుల్ వైపు ఓసారి చూశాడు. “ఒడ్డునే ఉన్నానమ్మా. ఈయనే పట్టుకుని కూర్చోబెట్టారు” అంటూ ఫోన్ ఆయన వైపు తిప్పాడు. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, ఆయనకి తెలుగు రాదు. అయినా ఆవిడ దణ్ణం పెట్టింది. ఆయన కూడా పెట్టాడు.