చేను లేనోళ్ల సేద్యం - 4: బీటీ పొట్లంలో మా కూలి



పోయిన భాగం చదివి అగ్రికల్చర్ బీఎస్సీ చదివే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, జన్యుమార్పిడి పంటలకు నువ్వు అనుకూలమా, వ్యతిరేకమా?" జవాబు చెప్పే ముందు ఆ విత్తనం ఎట్లా తయారవుతుందో చెప్పాలి.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేటట్టు ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. ఇది ప్రయోగశాల పని. అయితే మన దేశంలో కంపెనీలు ఆ జన్యువును హైబ్రిడ్ విత్తనాల్లో పెట్టి అమ్మాయి. హైబ్రిడ్ పంట గింజలు దాచి మళ్లీ వేస్తే మొదటి దిగుబడి రాదు. అందుకే రైతు ఏటా పొట్లం కొనాల్సిందే. ఆ హైబ్రిడ్ తయారయ్యేది మాత్రం చేలోనే, మనిషి వేళ్లతోనే. సాయంత్రం ఆడమొక్క మొగ్గ గిల్లి కేసరాలు తీసేయాలి. తెల్లారి మగమొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇదే పని, సీజనంతా. మా వైపు దీన్ని క్రాసింగ్ అంటారు.

పాత కర్నూలు జిల్లాలో నంద్యాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో ఈ పనికి పోయింది ఎక్కువగా ఆడపిల్లలు. ఆంధ్రప్రదేశ్ విత్తన పత్తి చేలపై దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన అధ్యయనం ఈ సంగతి దేశం బయటికి కూడా తెలిపింది. మా ఇంటికి ఆ అధ్యయనం అక్కర్లేదు. ఎండాకాలంలో తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి మా అక్క ఆరో తరగతి మధ్యలోనే బడి మానింది. "చిన్నపిల్లల వేళ్లయితే మొగ్గ నలగదు" అని సీడు రైతు మా నాయనకు చెప్పినాడు. అసలు సంగతి వేరే. కంపెనీ ఆర్గనైజర్ ద్వారా ఆ రైతుకిచ్చే ధరలో పెద్దాడోళ్ల కూలికి చోటు లేదు.

2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోన్శాంటో మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల పొట్లం 750కి దిగింది. మంచి పోరాటమే. రాయల్టీ ఎంత, రైతుకు మిగిలేదెంత అని అందరూ లెక్కలేశారు. ఆ పొట్లంలో క్రాసింగ్ పిల్ల వాటా ఎంతని మాత్రం పెద్ద చర్చ కాలేదు.

ఇప్పుడు కలుపు మందు కొట్టినా చావని పత్తి వచ్చింది. దానికి అనుమతి లేదు, అయినా దొంగచాటుగా అమ్ముతున్నారు. కడప జిల్లా జమ్మలమడుగు వైపు మా చుట్టాల ఆడోళ్లకు వానకారులో దొరికే కూలి కలుపు తీతే. పదిమంది చేసే పనిని ఒకడు ట్యాంకు వీపున వేసుకుని ఒక్కపూటలో ముగిస్తాడు. కూలి ఖర్చు భరించలేక చిన్నరైతు ఆ విత్తనం కొంటున్నాడు. అతని బాధ నాకు తెలుసు. కానీ ఆ పదిమంది మరుసటి రోజు ఎక్కడికి పోవాలి? జన్యుమార్పిడి పంటలను పరిశీలించే జీఈఏసీ ప్రధానంగా చూసేది ఆరోగ్య భద్రత, పర్యావరణ భద్రత. పోయే కూలిదినాలు ఏ ఖాతాలో రాస్తారు?

అట్లని పాత విత్తనాల కాలం బంగారమని నేను పాడను. ఆ విత్తనం ఉన్న గాదె దొరది, ఆ గాదె కింద జీతగాడు మా తాత. జహీరాబాద్ వైపు దళిత మహిళలు డీడీఎస్ సంఘాల్లో విత్తనాలు దాచి నిలబడ్డారంటే, సాగుచేసుకునే భూమీ, సంఘమూ వాళ్ల చేతిలో ఉన్నందుకే.

తమ్ముడూ, ఇదీ నా జవాబు. జన్యువుతో నాకు పగ లేదు. 2025 మే నెలలో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి జన్యుసవరణ చేసి 'కమల' తెచ్చింది. దాన్ని కూడా అదే అడుగుతా: ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి కూలి పోతుంది, ఎవరు మళ్లీ నాటుకోవచ్చు? నాకు కావలసినవి మూడు. విత్తన ధరలో పెద్దవాళ్ల కూలి కట్టాలి. రైతు దాచుకోగల బీటీ సూటి రకాలను ప్రభుత్వ సంస్థలు ఊరూరా అందించాలి. కలుపు మందు పత్తికి అనుమతి గురించి మాట్లాడే ముందు కలుపు తీసే ఆడోళ్లను కూర్చోబెట్టి అడగాలి. యూనివర్సిటీలో ఈసారి బయోటెక్నాలజీ సెమినార్ పెడితే, ఈ మూడూ లేచి అడుగు.

వచ్చే భాగంలో అసైన్డ్ భూముల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.