ఆత్మగౌరవానికి పుట్టినిల్లు

పిల్లవాడు దారి తప్పాడని వినగానే మనం మొదట వేసే ప్రశ్న ఒక్కటే: "ఇంట్లో ఎవరున్నారు?" తండ్రి లేడని తెలిస్తే "ఆడదాని పెంపకం కదా!" అని తేల్చివేస్తాము. తలిదండ్రులు విడిపోయారంటే ఇక విచారణే అక్కరలేదు. ఇంట్లో ఎందరున్నారన్న లెక్కకూ పిల్లల శీలానికీ ఇంత సులభంగా ముడిపెట్టడం న్యాయమేనా? ఉపాధ్యాయలోకం ఆలోచింపవలసిన విషయమిది.

భారతకథనే చూడండి. తల్లీ తండ్రీ ఇరువురూ ఉండి రాజభవనంలో పెరిగిన నూరుగురు ఒకవైపు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని తల్లి చాటున పెరిగిన అయిదుగురు మరొకవైపు. లక్క యిల్లు కట్టించినది నూరుగురి పక్షమే. ధృతరాష్ట్రునికి అధర్మం తెలియక కాదు. కొడుకు మనసు నొప్పించలేక ఊరుకొన్నాడు. సుయోధనునికి అభిమానానికి కొరత లేదు. అయితే అది పరుల ఉన్నతిని చూచి ఓర్వలేని అభిమానం. తన విలువ తానెరిగి, ఎదుటివాని విలువనూ గుర్తించేది ఆత్మగౌరవం. నేరానికి అడ్డు నిలువగలిగినది ఈ రెండవదే.

పురాణం సాక్ష్యం చాలదనేవారికి పరిశోధకుల సాక్ష్యమూ ఉన్నది. అమెరికాలో షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ దంపతులు బోస్టన్ ప్రాంతపు వేయిమంది బాలురను పరిశీలించి 1950లో ఒక గ్రంథం ప్రకటించారు. నేరం చేసి సంస్కరణాలయాలకు చేరినవారు 500 మంది. అటువంటి పేదవాడలలోనే పెరిగినా నేరం జోలికి పోనివారు 500 మంది. విచ్ఛిన్నమైన కుటుంబాలు మొదటివారిలోనే ఎక్కువ అన్నమాట నిజం. అయితే రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే పండితులు ఆ పాత కాగితాలనే తిరిగి శోధించి, 1993లో వెలువరించిన గ్రంథంలో ఇంకొక మెట్టు లోపలికి వెళ్ళారు. పిల్లవాడు ఎక్కడ తిరుగుతున్నాడో కనిపెట్టి ఉండడం, క్రూరత్వం లేకుండా నిలకడగా మందలించడం, పెద్దలకూ బిడ్డకూ నడుమ అనురాగం చెడకుండడం: పేదరికమూ కుటుంబ విచ్ఛిత్తీ చేసే కీడులో అధికభాగం ఈ మూడూ సడలడం వల్లనే కలుగుతున్నదని వారు తేల్చారు.

కూలికి పోయే ఒంటరి తల్లికి బిడ్డను కనిపెట్టి ఉండే తీరిక తక్కువ. ఆ లోటు నిజమైనదే. కాని తాతయో, మేనమామయో, పొరుగింటి పెద్దమ్మయో, పంతులుగారో దానిని కొంతవరకు పూడ్చగలరు. తండ్రి ఇంట్లోనే ఉండి బిడ్డ ముఖం చూడని చోట, లోటున్నదన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఇక ఇల్లు ఇచ్చిన గౌరవాన్ని వీధి హరింపగలదు. రాధా అధిరథులు కర్ణుని అల్లారుముద్దుగా పెంచారు. అయినా విద్యాప్రదర్శననాడు నిండు రంగంలో కులగోత్రాలు అడిగేసరికి ఆ వీరుడు తల వంచుకొన్నాడు. ఆ క్షణంలో చేయి అందించినవాడు దుర్యోధనుడు. ఆ ఋణమే అతనిని ద్రౌపదీ పరాభవం దాకా నడిపించింది.

ఈ కథను ఏటేటా పాఠం చెప్పిన నేనే ఒకనాడు కృపాచార్యుడనైనాను. ఇరవై ఏండ్ల కిందట తరగతిలో ఒక విద్యార్థిని నిలబెట్టి "మీ తండ్రిగారు ఏం చేస్తారు?" అని అడిగాను. బదులు లేదు. మళ్ళీ అడిగాను. వెనుక బల్లలలో ఎవరో నవ్వారు. తండ్రి ఇల్లు విడిచిపోయాడని నాకు తరువాత తెలిసింది. మరునాటి నుండి ఆ పిల్లవాడు నా తరగతికి రాలేదు. కిళ్ళీకొట్టు దగ్గర, "తమ్ముడూ" అని అతనిని ఆప్యాయంగా పిలిచే గుంపులో కనిపించేవాడు. కొంతకాలానికి ఒక దొంగతనం కేసులో ఆ గుంపుతోబాటు అతని పేరు విన్నాను. నా ప్రశ్నే కారణమని చెప్పలేను; కాదని చెప్పుకొనే ధైర్యమూ లేదు.

ఉపాధ్యాయ మిత్రులారా, తండ్రి పేరు రిజిస్టరులో ఎలాగూ ఉంటుంది. నిండు తరగతిలో అడుగవద్దు. నాలుగు రోజులు రాని పిల్లవానిని మాత్రం పక్కకు పిలిచి "ఏమి నాయనా, కనబడలేదేమి?" అని అడగండి. విద్యార్థులారా, వెనుక బల్లలో నవ్వేముందు ఒక్క క్షణం ఆగండి. దుర్యోధనుడు చేయి చాచేలోపుగా మన చేయి అందితే చాలు.